చంద్రయాన్-3 ని పిల్లలతో మైదానంలో ఆడించడం ఎలా?

నాలుగైదేళ్ళ పిల్లలకు అంతరిక్షం గురించి ఆటల్లో చెప్పాలంటే పెద్దలు ఎక్కువగా చేసేది ఒకటే. పది నుంచి వెనక్కి లెక్కపెట్టించి, చేతులు పైకెత్తి గెంతిస్తారు. పిల్లలకు సరదాగానే ఉంటుంది, కానీ రాకెట్టు గురించి వాళ్ళ ఒంటికి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. అసలు కష్టమంతా ఆ గెంతు తర్వాతే మొదలవుతుంది. అయిపోయిన బరువును వదిలించుకోవాలి, భూమి చుట్టూ తిరుగుతూ దూరం పెంచుకోవాలి, వేగం చంపుకుని మెల్లగా దిగాలి, దిగాక మాట అందేదాకా ఓపిగ్గా ఆగాలి. ఈ నాలుగింటినీ ఆటలుగా మలచడానికి చంద్రయాన్-3 అన్నివిధాలా సరిపోతుంది. 2023 జూలై 14న శ్రీహరికోటలో బయలుదేరి ఆగస్టు 23 సాయంత్రం 6:04కి జాబిల్లి దక్షిణ ధ్రువం వైపు దిగింది. మధ్యలో ఏ రోజు ఏం జరిగిందో అంతా రికార్డయి ఉంది.

ఇక్కడి ఆటలు 4 నుంచి 8 ఏళ్ళ పిల్లలకు, ఆరు నుంచి పన్నెండు మంది ఉన్న గుంపుకు కుదురుతాయి. ఇద్దరు పెద్దలు ఉండాలి. రోజుకు ఒక్క ఆటే ఆడించండి, అదీ ఇరవై నిమిషాలు మించకుండా. నాలుగూ ఒకేపూట ఆడిస్తే చివరికి పిల్లలకు అలసటే గుర్తుంటుంది.

సామాన్లు పెద్దగా అక్కర్లేదు. పాత సైకిల్ టైరు ఒకటి, బాస్కెట్‌బాల్ ఒకటి, టెన్నిస్ బంతి ఒకటి, 13 మీటర్ల తాడు, రెండు కర్ర మేకులు, రెండు కిలోల ముగ్గుపిండి, నీలం రంగు దుప్పటి లేదా చీర, ఎర్ర రుమాలు, నాలుగైదు మెత్తలు. స్థలం మాత్రం 13 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు ఉండాలి. బడి మైదానం అయితే మంచిది. డాబా మీద వద్దు, ఈ ఆటల్లో పరుగు ఉంది.

ముందు దూరం

ఏ ఆటకైనా ముందు ఈ ఐదు నిమిషాల పని చేయండి. ఒక పిల్లకు బాస్కెట్‌బాల్ ఇచ్చి "ఇది భూమి" అనండి. ఇంకొకరికి టెన్నిస్ బంతి ఇచ్చి "ఇది చందమామ, ఎంత దూరంలో నిలబడతావో నిలబడు" అనండి. దాదాపు అందరూ అడుగు, రెండడుగుల దూరంలోనే నిలబడతారు. పుస్తకాల్లో బొమ్మలు అలాగే ఉంటాయి మరి. అప్పుడు టేపు పెట్టి 7 మీటర్ల 20 సెంటీమీటర్లు కొలిచి అక్కడ నిలబెట్టండి. భూమిని ముప్ఫై సార్లు పక్కపక్కన పేరిస్తే వచ్చే దూరం అది. అసలు లెక్కలో 3,84,400 కిలోమీటర్లు.

ఇంకో మాట కూడా అక్కడే చెప్పండి. 2025లో మన వ్యోమగామి శుభాంశు శుక్లా వెళ్ళిన అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ఈ కొలతలో బంతి తోలుకు సెంటీమీటరు దూరంలో కూడా ఉండదు. పిల్లల చిటికెనవేలిని బంతికి ఆనించి చూపించండి, ఆ వేలి మందం లోపలే అది తిరుగుతోంది. చందమామ మాత్రం అల్లంత దూరాన బంతి పట్టుకుని నిలబడ్డ పిల్ల దగ్గర ఉంది. మాటలతో ఎంత చెప్పినా ఈ తేడా పిల్లలకు ఎక్కదు.

మొదటి ఆట: బరువు వదిలేసే రాకెట్టు

చంద్రయాన్-3 ని మోసిన ఎల్‌వీఎం-3 రాకెట్టు బరువు సుమారు 640 టన్నులు. అందులో చంద్రయాన్ 3.9 టన్నులు మాత్రమే. ఇది చూపించడానికి 16 లీటర్ల బకెట్టు నిండా నీళ్ళు పోసి, పక్కన 100 మిల్లీలీటర్ల టీ గ్లాసు పెట్టండి. గ్లాసును చందమామకు పంపడానికి బకెట్టంత రాకెట్టు కావాలి. బకెట్టులో ఎక్కువభాగం ఇంధనమే.

ఆటకు ఒక్కో జట్టులో నలుగురు. ఒకరు టైరు లోపల నిలబడి టెన్నిస్ బంతి పట్టుకుంటారు, ఆ పిల్లే పై అంచె (రాకెట్టులో ఒకదాని తర్వాత ఒకటి మండే భాగాలను అంచెలంటారు), అంటే బాగా చల్లబరిచిన ఇంధనంతో నడిచే క్రయోజెనిక్ ఇంజిన్ ఉన్న సీ-25. ఇద్దరు అటూ ఇటూ టైరు పట్టుకుంటారు, వాళ్ళు ఎస్-200 బూస్టర్లు, అంటే మొదట్లో తోసే పక్క రాకెట్లు. నాలుగో పిల్ల వెనక నుంచి టైరు పట్టుకుంటుంది, అది మధ్య అంచె ఎల్-110. తూర్పు ఎటో పిల్లలనే కనుక్కోమనండి, పొద్దున పూట అయితే సూర్యుణ్ణి చూసి చెప్పేస్తారు. రాకెట్టు అటే వెళ్ళాలి. భూమి తిరిగేది తూర్పుకే కాబట్టి అటు వెళితే ఆ తిరుగుడు వేగం కొంత ఊరికే కలిసొస్తుంది. పైగా శ్రీహరికోటకు తూర్పున బంగాళాఖాతం ఉంది, ఖాళీ అయిన అంచెలు సముద్రంలో పడతాయి. దారిలో నీలం చీర పరిచి పెట్టండి, అదే సముద్రం.

ఇక పెద్దలు గట్టిగా లెక్కపెట్టాలి. ఒక్కో అంకె పది సెకన్లకు సమానం. సున్నా అనగానే బూస్టర్లు ఇద్దరే టైరును ముందుకు లాగుతారు. వెనకున్న పిల్ల వేళ్ళు ఆనించి నడవాలే గాని నెట్టకూడదు. చాలామంది పెద్దలకే తెలియని సంగతి ఇక్కడ ఉంది. మధ్య అంచె నేల మీద అంటుకోదు, గాల్లోకి వెళ్ళాక 108వ సెకనులో అంటుకుంటుంది. అందుకని 11 దగ్గర ఆ పిల్ల "అంటుకుంది!" అని అరిచి నెట్టడం మొదలుపెడుతుంది. 13 దగ్గర బూస్టర్లు చేతులు వదిలి సముద్రంలో కూర్చుంటారు (అసలులో 127వ సెకను). 31 దగ్గర మధ్య అంచె టైరును పైకి తీసి తనూ కూర్చుంటుంది. చివరికి బంతి పట్టుకున్న పిల్ల ఒక్కతే పరిగెడుతుంది. అసలు ప్రయాణంలో ఆ పరుగు సుమారు 16వ నిమిషం దాకా సాగింది, ఆటలో 40 దాకా చాలు.

టైరు పట్టుకున్నంతసేపూ నడకే, పరుగు లేదు. టైరుతో పరిగెడితే లోపలి పిల్ల కాళ్ళు టైరుకు తగిలి పడుతుంది. రెండో తప్పు, బూస్టర్లుగా ఉన్నవాళ్ళు 13 దగ్గర వదలరు. ఇంకొంచెం వెళ్ళాలనే ఉంటుంది వాళ్ళకి. వదలకపోతే ఏమవుతుందో చూపించండి. బంతి పిల్లను ఒకసారి లీటరు నీళ్ళ సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని పదిసార్లు గెంతమనండి, తర్వాత సీసాలు పక్కనపెట్టి గెంతమనండి. తేడా తనే చెబుతుంది.

బయలుదేరే ముందు ఎర్ర రుమాలు ఒకరి చేతిలో పెట్టండి. లెక్క నడుస్తుండగా ఎప్పుడైనా రుమాలు ఎత్తి "ఆపు" అనొచ్చు, అప్పుడు అందరూ ఉన్నచోటే బొమ్మల్లా ఆగిపోవాలి. ఒకటే షరతు, ఎందుకు ఆపారో కారణం చెప్పాలి. "లేసు ఊడింది", "కుక్క అడ్డం వచ్చింది", ఏదైనా సరే. 2019లో చంద్రయాన్-2 ని బయలుదేరడానికి 56 నిమిషాల ముందు ఆపి, వారం తర్వాత పంపారు. 2023 అక్టోబరు 21న మనుషుల్ని అంతరిక్షంలోకి పంపే గగన్‌యాన్ కోసం చేసిన పరీక్ష రాకెట్టు ఐదు సెకన్లు ఉందనగా ఆగింది, లోపం సరిచేసి అదేరోజు పదింటికి పంపారు. ఆపిన పిల్లను మెచ్చుకోవాలి. మిగతావాళ్ళు "అబ్బా" అని విసుక్కోవడం మామూలే, అయినా మెచ్చుకోండి.

రెండో ఆట: ముగ్గులో కక్ష్యలు

ఇది కాస్త శ్రమ పడి సిద్ధం చేయాల్సిన ఆట. ఆ శ్రమ వృథా పోదు. చంద్రయాన్-3 నేరుగా చందమామ మీదికి వెళ్ళలేదు. కోడిగుడ్డు ఆకారపు దారుల్లో భూమిని చుడుతూ, భూమికి దగ్గరగా వచ్చినప్పుడు ఇంజిన్ మండించుకుంటూ, అవతలి కొసను దూరం జరుపుకుంటూ పోయింది. మొదట అవతలి కొస సుమారు 36,500 కిలోమీటర్ల దగ్గర ఉంటే, ఐదుసార్లు మండించేసరికి సుమారు 1,27,600 కిలోమీటర్లకు చేరింది. ఆగస్టు 1న ఆరోసారి మండించి చందమామ దారి పట్టించారు.

బడుల్లో దీన్ని గీసేటప్పుడు భూమి చుట్టూ ఒకదాని బయట ఒకటి గుండ్రటి వలయాలు గీస్తుంటారు. అది తప్పు. ఐదు దారులూ భూమి పక్కన ఒకే చోట కలవాలి, రెండోవైపు మాత్రమే దూరం జరగాలి. తాడుతో ఇలా గీస్తే కొలతలు వాటంతట అవే కుదురుతాయి.

పొద్దున్నే నేల మీద కళ్ళాపి చల్లండి. తడి నేల మీద ముగ్గు గాలికి చెదరదు. భూమి ఉండాల్సిన చోట ఒక మేకు దిగ్గొట్టండి, ఇది ఆట అయ్యేదాకా జరగదు. చందమామ వైపు 5 మీటర్ల దూరంలో రెండో మేకు దిగ్గొట్టండి. తాడు రెండు కొసలు ముడివేసి చుట్టూ కలిపి సరిగ్గా 12 మీటర్లు వచ్చేలా చేసి, రెండు మేకులకూ చుట్టండి. వదులుగా ఉన్న భాగంలో ఒక పుల్ల పెట్టి, తాడు బిగుతుగా ఉండేలా లాగిపట్టి మేకుల చుట్టూ తిరుగుతూ గీత గీయండి. మీ వెనకే ఇంకొకరు ఆ గీత మీద ముగ్గు వేస్తూ రావాలి. మొదటి మేకుకు ఇవతల మీటరు దూరంలో, అవతలివైపు 6 మీటర్ల దూరంలో పోయే పెద్ద గుడ్డు వస్తుంది.

తర్వాత రెండో మేకును మీటరు దగ్గరికి జరపండి, తాడు చుట్టును 2 మీటర్లు తగ్గించి ముడివేయండి. అంటే మేకు 4 మీటర్ల దగ్గర, తాడు 10 మీటర్లు. ఆ తర్వాత 3, 8. ఆపైన 2, 6. చివరికి 1, 4. ఐదు గుడ్లూ మొదటి మేకుకు మీటరు దూరంలో ఒకే చోట తాకుతాయి. తాకకపోతే తాడు సాగిందన్నమాట. నైలాన్ తాడుతో ఇదే చిక్కు, కొబ్బరితాడు గాని నూలుతాడు గాని వాడండి. పిల్లలు వచ్చేలోపు మేకులు పీకేసి, మొదటి మేకు ఉన్నచోట బాస్కెట్‌బాల్ పెట్టండి. నున్నటి టైల్స్ నేల అయితే ముగ్గుపిండి జారుతుంది, సుద్దముక్కతో గీయండి.

బంతి నుంచి 9 మీటర్ల దూరంలో చందమామ అని ఒక చుక్క పెట్టి, దాని చుట్టూ 2 మీటర్లు, ఒకటిన్నర మీటరు, మీటరు కొలతలతో మూడు వలయాలు గీయండి. వీటికి ఒక మేకూ తాడూ చాలు.

ఒక్కొక్కరే తిరగాలి, ఇద్దరు దిగితే గుద్దుకుంటారు. చిన్న గుడ్డుతో మొదలు. భూమి దగ్గర పరుగు, దూరాన నడక. అసలు నౌకా అలాగే తిరుగుతుంది, భూమికి దగ్గరైనకొద్దీ వేగం పెరుగుతుంది. గీతలన్నీ కలిసే చోటికి రాగానే మిగతా పిల్లలందరూ ఒక్క చప్పట్టు కొట్టాలి. చప్పట్టు అంటే ఇంజిన్. చప్పట్టు పడితే తర్వాతి పెద్ద గుడ్డు మీదికి, పడకపోతే మళ్ళీ అదే గుడ్డు. దూరపు కొసలో చప్పట్టు కొడితే లెక్కలోకి రాదు. "ఎందుకు రాదు?" అని ఆరేడేళ్ళవాళ్ళు తప్పకుండా అడుగుతారు. ఉయ్యాల దగ్గరికి తీసుకెళ్ళండి. సరైన చోట తోస్తే చిన్న తోపుకే ఎంతో పైకి వెళుతుంది, తప్పు చోట తోస్తే చెయ్యి నొప్పి తప్ప ఉయ్యాల ఊగదు. నౌక అన్నిటికన్నా వేగంగా ఉన్న చోట ఇంజిన్ మండిస్తే, అదే ఇంధనంతో అవతలి కొస ఎక్కువ దూరం జరుగుతుంది.

ఐదో గుడ్డు తిరిగి వచ్చాక పడే చప్పట్టుకు చందమామ బయటి వలయం దాకా పరుగు. అక్కడ చప్పట్టుకు అర్థం తిరగబడుతుంది. ఇప్పుడది బ్రేకు. ప్రతి చప్పట్టుకూ లోపలి వలయంలోకి రావాలి. ఆగస్టు 5న జాబిల్లి కక్ష్యలో చేరినప్పుడు దూరపు కొస 18,074 కిలోమీటర్లలో ఉంది, 16వ తేదీకి దాన్ని 163కి దించారు. బయటి వలయం దగ్గర చప్పట్టు కొట్టడం మరిచిపోతే నౌక చందమామను దాటి పోతుంది. అంటే ఆ పిల్ల అలాగే మైదానం చివరిదాకా పరిగెత్తి వెనక్కి రావాలి. ఒక్కసారి అలా జరిగితే చాలు, తర్వాత చప్పట్లు కొట్టే గుంపు కళ్ళార్పదు.

చందమామ దగ్గర ఆకర్షణ ఎందుకుందని కూడా ఎవరో ఒకరు అడుగుతారు. అక్కడ బరువే ఉండదని పిల్లలు, పెద్దలు చాలామంది అనుకుంటారు. ఉంటుంది, ఇక్కడి దాంట్లో ఆరోవంతు. 6 కిలోల బియ్యం సంచి అక్కడ కిలో సంచిలా తేలిగ్గా ఉంటుంది. రెండు సంచులూ పక్కన పెట్టి ఎత్తి చూడమంటే సరిపోతుంది.

మూడో ఆట: మెల్లగా దిగడం

దిగడం మొదలయ్యేటప్పుడు విక్రమ్ ల్యాండర్, అంటే చంద్రయాన్-3లో చందమామ మీద దిగే భాగం, 30 కిలోమీటర్ల ఎత్తులో ఉంది, సెకనుకు సుమారు 1.7 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా దూసుకుపోతోంది. ఆ వేగమంతా సుమారు 19 నిమిషాల్లో చంపాలి. చందమామ మీద గాలి లేదు, కాబట్టి పారాచూట్ పనిచేయదు. ఇంజిన్లే దిక్కు.

12 మీటర్ల దారి గీసి చివర ఒక అన్నం పళ్ళెమంత గుండ్రం గీయండి. పూర్తి వేగంతో పరిగెత్తి వచ్చి సరిగ్గా అందులో ఆగమనండి. ఎవరూ ఆగలేరు, అందరూ దాటిపోతారు. దాటిపోనివ్వండి, ఏమీ అనకండి. రెండు విడతలు అయ్యాక "ఎలా చేస్తే ఆగొచ్చు?" అని అడగండి. సాధారణంగా రెండు జవాబులు వస్తాయి. ఒకటి, ముందు నుంచే మెల్లగా రావడం. రెండోది, గుండ్రం పెద్దది చేయడం. రెండూ సరైనవే, ఇస్రో రెండూ చేసింది. 2019లో చంద్రయాన్-2 దిగాలనుకున్న చోటు 500 మీటర్ల పొడవు, 500 మీటర్ల వెడల్పు. ఆ ల్యాండర్ దిగుతూ కూలిపోయింది. 2023లో ఆ చోటును 4 కిలోమీటర్లు, 2.4 కిలోమీటర్లకు పెంచారు.

ఇప్పుడు గుండ్రం చెరిపేసి మీటరున్నర చదరం గీయండి. దారిలో 6 మీటర్ల దగ్గర ఒక గీత, 9 దగ్గర ఒకటి, 11 దగ్గర ఒకటి. మొదటి గీత దాకా పరుగు, రెండో గీత దాకా వడివడి నడక, మూడో గీత దాకా తాబేలు నడక. మూడో గీత మీద నిలబడి ఐదు లెక్కపెట్టాలి. విక్రమ్ కూడా 150 మీటర్ల ఎత్తులో అలా గాల్లో నిలబడి, కింద బండలూ గుంటలూ ఎక్కడున్నాయో కెమెరాలతో చూసుకుంది. ఆ ఐదు లెక్కపెట్టేలోపు పెద్దలు చదరంలోకి రెండు మెత్తలు విసరాలి. అవి బండలు. పిల్ల ఖాళీ చోటు చూసుకుని, పక్కకు జరిగి, మోకాళ్ళు వంచి రెండు పాదాలూ ఒకేసారి మోపాలి. మెత్త తగిలితే మళ్ళీ మొదటికి. నిటారుగా కాళ్ళు బిగించి దూకేవాళ్ళను ఆపండి, మడమలకు దెబ్బ తగులుతుంది.

వానాకాలం బయటికి పోలేనప్పుడు ఇదే ఆటను కాగితం కప్పుతో ఆడొచ్చు. కప్పులో రెండు శనగలు వేసి, 2 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల పొడవు ఉన్న అట్టముక్కలు నాలుగింటిని విసనకర్రలా మడతలు పెట్టి కాళ్ళుగా అంటించాలి. మీటరు ఎత్తు నుంచి వదిలితే శనగలు బయట పడకూడదు, కప్పు ఒరగకూడదు. ఒరిగిందంటే కాళ్ళు కప్పు అడుగున దగ్గరదగ్గరగా అంటించారని అర్థం. బయటికి చాపి అంటించమనండి.

నాలుగో ఆట: ఆరు చక్రాల ప్రజ్ఞాన్

విక్రమ్‌లోంచి దిగి చందమామ మీద నడిచిన చిన్న బండి ప్రజ్ఞాన్ రోవర్. దాని బరువు 26 కిలోలు, చక్రాలు ఆరు, వేగం సెకనుకు ఒక్క సెంటీమీటరు. ముగ్గురు పిల్లలు ఒకరి నడుము ఒకరు పట్టుకుని రైలులా నిలబడితే ఆరు పాదాలు, అవే ఆరు చక్రాలు. మడమకు బొటనవేలు ఆనించి నడవాలి. ఒక పాదమంత దూరం పోవడానికి అసలు ప్రజ్ఞాన్‌కు పదిహేను సెకన్లు దాటి పడుతుంది. ఒక్క అడుగు అలా వేయించి చూడండి, తర్వాత మామూలుగా నడవనివ్వండి.

రోవర్ భూమితో నేరుగా మాట్లాడదు, విక్రమ్‌తోనే మాట్లాడుతుంది. అందుకని "భూమి" పిల్ల మాట చెప్పాల్సింది మధ్యలో నిలబడ్డ "విక్రమ్" చెవిలో. విక్రమ్ రెండు చప్పట్లు కొట్టి ఆ మాటను రోవర్‌కు చేరవేస్తుంది. చందమామకు సందేశం చేరడానికి ఒకటింపావు సెకను పైనే పడుతుంది, ఆ చప్పట్లు అందుకు. భూమి మాట నేరుగా విని రోవర్ కదిలితే ఒక అడుగు వెనక్కి. మాటలు నాలుగే: ముందుకు, ఎడమ, కుడి, ఆగు. నాలుగేళ్ళవాళ్ళకు కుడి, ఎడమ తడబడతాయి, కుడిచేతికి ఎర్రదారం కట్టండి.

దారిలో ఒక గుంట గీయండి. ఆగస్టు 27న ప్రజ్ఞాన్ ఎదుట 4 మీటర్ల వెడల్పు గుంట కనిపించింది, అప్పటికి అది 3 మీటర్ల దూరంలో ఉంది. వెనక్కి తిప్పి వేరే దారిన నడిపారు. ఆటలో సందేశం ఆలస్యంగా అందుతుంది కాబట్టి, గుంట అంచుకు వచ్చాక "ఆగు" అంటే రోవర్ అప్పటికే లోపల ఉంటుంది. ముందుచూపుతో "ఆగు" చెప్పడం రెండు మూడు విడతల్లో పట్టుబడుతుంది.

గుంటలు ఎలా ఏర్పడ్డాయని అడిగితే లోతైన పళ్ళెంలో 5 సెంటీమీటర్ల మందాన మైదా పోసి, పైన పల్చగా రాగిపిండి జల్లి, గోళీని మోకాలి ఎత్తు నుంచి, నడుము ఎత్తు నుంచి, తల ఎత్తు నుంచి వదలమనండి. తెల్లటి పిండి రాగిపిండి మీద చుట్టూ చిమ్మి, పున్నమి చందమామ మీద కనబడే తెల్లటి చారల్లాగే పడుతుంది. విసరకూడదు, వదలాలి. పిండి చెమ్మగిల్లి ఉంటే గుంట పడదు, ముందు జల్లించుకోండి. మూడేళ్ళలోపు తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ పక్కన ఉంటే గోళీలు లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకోండి.

ఆట ముగించేటప్పుడు పిల్లలందర్నీ నేల మీద పడుకోబెట్టి కళ్ళు మూయించండి. సెప్టెంబరు 2న ప్రజ్ఞాన్‌ను, 4న విక్రమ్‌ను ఇలాగే నిద్రపుచ్చారు. చందమామ మీద పగలు మన లెక్కలో 14 రోజులు, ఆ తర్వాత రాత్రీ అంతే పొడుగు, ఆ చలికి యంత్రాలు తట్టుకోలేవు. మూడు నిమిషాలు పడుకుంటే ఊపిరి నెమ్మదిస్తుంది. ఈలోగా ఎవరో ఒకరు కళ్ళు తెరిచి "మళ్ళీ లేచాయా?" అని అడుగుతారు. లేవలేదని చెప్పండి. ఆ 14 రోజులకే వాటిని తయారుచేశారు, రోవర్ వంద మీటర్లు నడిచింది, మట్టిలో గంధకం ఉందని కనిపెట్టింది, పని పూర్తయ్యాకే పడుకుంది.